టిక్కుమనని తాళం

"బావా, ఆ రెండు పెన్‌డ్రైవ్‌లూ ఇటివ్వు. చిటికెలో అయిపోతుంది," అంటూ బావమరిది కంప్యూటర్ మూత తెరిచాడు.

తాళాల మేస్త్రీ పలక అందుకున్నాడు. ఆపరేషన్‌లో గొంతు తీసేశాక ఆయనకి నోరూ నాలుకా ఆ పలకే. సుద్దముక్కతో నింపాదిగా రెండు ముక్కలు రాసి, ఇటు తిప్పి చూపించాడు.

"లేవు. అరగదీశాను."

బావమరిది చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "అరగదీయడం ఏంటి బావా? ఎక్కడో పెట్టి మర్చిపోయావా?"

మేస్త్రీ బల్ల చివరనున్న గ్రైండర్ వైపు వేలు చూపించాడు. దాని కింద ఇత్తడి పొడి కుప్పగా పడి ఉంది. తప్పు చేసినవాడి ముఖం కాదు ఆయనది, పని పద్ధతిగా ముగించినవాడి ముఖం.

"రెండూనా?"

మేస్త్రీ తలూపాడు.

బావమరిది బతుకు కోరతాడంటారు. ఆ క్షణంలో ఈ బావమరిది ఏం కోరాడో చెప్పకపోవడమే మంచిది.

మేస్త్రీ చేసిన పని పిచ్చిపనిలా కనిపిస్తుంది గాని, ఆయన వృత్తిలో నిలబడి చూస్తే అంత పద్ధతైన పని ఇంకోటి లేదు. కొట్టులో దిక్కులేని మారుచెవి ఉండకూడదన్నది ఆయన నియమం. ఎవరింటికైనా తాళంచెవి చేసిచ్చాక, కొలతకని కోసిన రెండోది మిగిలితే, దాని పళ్ళన్నీ అరగదీసి గాని కొట్టు మూసేవాడు కాదు. మారుచెవి మిగిలిందంటే దొంగకి దారి మిగిలినట్టేనని ఆయన గట్టి నమ్మకం. ఇక రెండో నమ్మకం ఇంకా గట్టిది. తాళం చేతిలో ఉన్నంతకాలం చెవి లేకపోవడం ఒక సమస్యే కాదు. తన చెవి ఎలా ఉంటుందో తాళమే చెప్పేస్తుంది. పళ్ళు కోయని ఖాళీ చెవిని లోపల పెట్టి, కాస్త మెలితిప్పి బయటికి లాగితే, దానిమీద వెంట్రుకంత గీతలు పడతాయి. గీత పడ్డచోటల్లా ఆకురాయితో రాస్తూ పోతే చెవి తయారు. అలా ఆయన తెరవలేకపోయిన తాళం ఇంతవరకు ఎదురుపడలేదు. అందుకే, ఆస్పత్రిలో చేరే ముందు, కొట్టు ఖాళీగా ఉంటుంది కదా, ఏ దొంగవెధవో పెట్టె తాళంచెవి ఉన్న ఆ పెన్‌డ్రైవ్‌లు ఎత్తుకుపోతే ఎలా అని ఆలోచించి, రెండింటినీ గ్రైండర్‌కి అప్పగించాడు. పెట్టె మన దగ్గరే ఉంది, తిరిగొచ్చాక కొత్త చెవి కోసుకుంటే సరి అనుకుని హాయిగా వెళ్ళి ఆపరేషన్ బల్ల ఎక్కాడు.

ఆ పెట్టెలో ఉన్నది ఆయన గొంతు.

గొంతు తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చినప్పుడే, ఒక ఉపాయం కూడా చెప్పారు. ముందే వందలకొద్దీ వాక్యాలు చదివి రికార్డు చేసుకుంటే, యంత్రం ఆ గొంతును నేర్చుకుంటుంది. తర్వాత ఫోన్లో ఏం టైపు చేసినా ఆయన గొంతుతోనే పలుకుతుంది. బయటి చప్పుళ్ళు పడకూడదని మేస్త్రీ బట్టల బీరువాలో తల దూర్చి, చీరల మధ్య ఉక్కపోసి చస్తూ, ఆ వాక్యాలన్నీ చదివాడు. అప్పటికే గొంతు బొంగురు. ఒక్కో వాక్యానికీ తలప్రాణం తోకకి వచ్చేది. అయినా చదివాడు, ఎందుకంటే ఆయన భార్యకి చూపు లేదు.

ఆవిడ పుట్టుకతోనే చూపు లేని మనిషి. పెద్ద ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. ఆ టెలిఫోన్ గది తలుపు బిగుసుకుపోతే బాగుచేయడానికి వెళ్ళి, తాళాన్ని బూతులు తప్ప మిగతా అన్ని తిట్లూ తిడుతూ పనిచేసిన కుర్ర మేస్త్రీ గొంతు విని ఆవిడ నవ్వింది. ఆ నవ్వే పెళ్ళిదాకా వచ్చింది. అక్క పెళ్ళాడింది బావని కాదు, బావ గొంతుని అని తమ్ముడు ఎప్పుడూ వేళాకోళం చేసేవాడు. పలక మీద రాస్తే లోకమంతా చదువుతుంది, ఆవిడ ఒక్కతే చదవలేదు.

ప్రస్తుతానికి ఫోనే దిక్కైంది. ఆయన టైపు చేస్తే అందులోంచి ఎవరో ఆడమనిషి మాట్లాడుతుంది. "మందులు వేసుకున్నావా" అన్న మాటని కూడా రైలు ఆలస్యంగా నడుస్తోందన్నట్టు పలుకుతుంది. మగ గొంతు పెట్టి చూశారు. ఇంట్లో పరాయి మగాడు తిరుగుతున్నట్టుంది, ఆడదే నయం అని ఆవిడ తీయించేసింది. గాయం మానాక గొంతు దగ్గర పెట్టుకునే యంత్రాలూ, గాలి మింగి వదులుతూ మాట్లాడడం నేర్పే పద్ధతులూ ఉన్నాయని డాక్టర్లు అన్నారు గాని, వాటితో వచ్చే మాట ఆయన పాత గొంతులా ఉండదని కూడా వాళ్ళే చెప్పారు.

ఇంతకీ ఆ రికార్డులకి తాళం వేయమని పట్టుబట్టింది బావమరిది. అదీ అర్థంలేని భయం కాదు. మేస్త్రీ గొంతు వినిపిస్తే ఊళ్ళో సగం ఇళ్ళు ప్రశ్న వేయకుండా తలుపు తీస్తాయి. ఆ రికార్డులు దొంగల చేతిలో పడితే, యంత్రానికి నేర్పించి, "నేనండీ, తాళాల మేస్త్రీని" అని ఫోన్లు చేయిస్తారు. అందుకని, యంత్రానికి నేర్పించేది ఆపరేషన్ తర్వాతే కదా అని, అన్నింటికీ కలిపి ఎన్‌క్రిప్షన్ చేసి, అసలువాటిని ఫోనులోంచీ కంప్యూటర్లోంచీ ఆనవాలు లేకుండా ఊడ్చేసి, తాళంచెవిని రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి బావ చేతికిచ్చాడు. "నా దగ్గర కూడా ఉంచుకోను బావా. సొంతదారు దగ్గర తప్ప చెవి ఎక్కడా ఉండకూడదు," అన్నాడు. అప్పుడా మాటకి మేస్త్రీ మురిసిపోయాడు. కుర్రాడికి మన పని అబ్బిందనుకున్నాడు.

ఇప్పుడు పలక మీద ధీమాగా రాశాడు. "తాళం ఉందిగా. దాన్ని చూసి చెవి చెయ్యి."

"తాళం లేదు బావా!" బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. "తాళం ఉంటే కదా చూడ్డానికి!"

"వేశానన్నది నువ్వే."

"మాటవరసకి అన్నాను! తాళాలు బాగుచేసే మనిషివి, తాళం అంటే తొందరగా అర్థమవుతుందని అన్నాను. అదే నా కొంప ముంచింది." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇటు విను. పెట్టెకి తాళం వేస్తే లోపల సరుకు సరుకులాగే ఉంటుంది, అవునా? పెట్టె పగలగొడితే దొరుకుతుంది. ఇక్కడ పెట్టె లేదు. సరుకునే మార్చేశాను. నీ గొంతు కంప్యూటర్‌కి ఉత్త అంకెలు. ఆ అంకెల్ని చెవిలో ఉన్న అంకెలతో కలిపి కలగాపులగం చేసేస్తే ఎన్‌క్రిప్షన్. అదే చెవితో అదే దారిన వెనక్కి నడిపిస్తే మళ్ళీ నీ గొంతు. అది డీక్రిప్షన్. చెవి లేదంటే వెనక్కి దారే లేదు."

మేస్త్రీ పెదవి విరిచాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. బావమరిది పలక లాక్కుని, దానిమీద "ఫవఖ" అని రాశాడు.

"ఇదేంటో చెప్పు."

మేస్త్రీ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. వేలితో గాల్లో అక్షరమాల రాసుకున్నాడు. కాసేపటికి ముఖం వెలిగింది. ఆ మాట కింద "పలక" అని రాశాడు. ప్రతి అక్షరం బదులు దాని తర్వాతి అక్షరం పెట్టాడు కుర్రాడు, అంతే. అంత గొప్ప దాపరికం ఆయన కొట్టులో చెప్పుల అరకి వేసే తాళానికి కూడా చాలదు.

"చూశావా? ఒక్క అక్షరం జరపడమే దీనికి చెవి. జరిపేది ఎంతైనా, ఒక్కోటీ వేసి చూస్తే టీ తాగేలోపు దొరికిపోతుంది."

"మరి ఇదీ అలాగే!" మేస్త్రీ సుద్ద విరిగేలా రాశాడు. "ఒక్కోటీ వేసి చూడు!"

"నీ మామూలు తలుపు తాళానికి ఎన్ని రకాల చెవులు కుదురుతాయి?"

"కొన్ని వేలు."

"దీని చెవి రెండొందల యాభై ఆరు అంకెలు. ఒక్కోటి సున్నా గాని, ఒకటి గాని. ఒక్క అంకె పెరిగినప్పుడల్లా వెతకాల్సినవి రెట్టింపు అవుతాయి. లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ కూర్చుని సూర్యుడు చల్లారేదాకా వేసి చూసినా ఒక మూల కూడా తెమలదు."

పెద్ద అంకెలు చెప్పి బెదిరిస్తే బెదిరే మనిషి కాదు మేస్త్రీ. ఆయన ఏ రోజూ తాళాన్ని లెక్కపెట్టి తెరవలేదు, విని తెరిచాడు. ఆ సంగతే కుర్రాడికి చెప్పాలి. పలక చాలలేదు. చెరిపి చెరిపి రాశాడు. లోపల పిన్నులుంటాయి. ఒక్కో పిన్నూ సరైన ఎత్తుకి రాగానే చిన్నగా టిక్కుమంటుంది. ఒకటి దొరికిందని వేలికి తెలుస్తుంది. దాన్ని వదలకుండా రెండోదానికి పోతాం. అన్నీ ఒకేసారి ఎవడు వెతుకుతాడు? దీన్నీ అలాగే ఒక్కో అంకె పట్టుకో.

బావమరిది ఆ రాత చదివి పలక బల్ల మీద పెట్టాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"టిక్కుమనదు బావా. దీన్ని చేసినవాళ్ళు కష్టపడిందంతా అందుకే. అన్ని అంకెలూ సరిపోయి ఒక్కటి తప్పినా, అన్నీ తప్పినా, వచ్చేది ఒకటే చెత్త. దగ్గరికొచ్చావనీ చెప్పదు, దూరంగా ఉన్నావనీ చెప్పదు."

మేస్త్రీ చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టేశాడు.

నమ్మకం కుదరక, ఆ ఫైలుని శబ్దంగా వినిపించమన్నాడు. అది పాటలా మోగే ఫైలు కాదని, ఊరికే వినడం దండగని బావమరిది గొణుక్కుంటూనే ఏదో తిప్పలుపడి మోగించాడు. బుస్స్ అంటూ ఒకటే హోరు. మేస్త్రీ కంప్యూటర్‌కి చెవి ఆనించాడు. ఇనప్పెట్టెలకి చెవి ఆనించినట్టే ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. రోజుల తరబడి బీరువాలో ఉక్కపోసుకుని చదివిన వాక్యాలన్నీ ఆ హోరులోనే ఉన్నాయి. ఒక్క మాట కాదు, ఒక్క దగ్గు కూడా దొరకలేదు. ఎక్కడా ఎగుడూ లేదు, దిగుడూ లేదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

లేచి బల్లని కాలితో తన్నాడు. ఖాళీ చెవుల డబ్బా బోర్లాపడి గచ్చంతా చెవులు చెల్లాచెదురయ్యాయి. అరవాలని నోరు తెరిచాడు. ఊపిరి కోసం డాక్టర్లు మెడలో పెట్టిన కన్నంలోంచి బుస్సున గాలి వచ్చింది, అంతే. మనిషికి ఒళ్ళుమండినప్పుడు అరుచుకునే వీలు కూడా లేకపోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ కోపమంతా పలక మీద పెట్టాడు. "ఎవడు చెయ్యమన్నాడు ఇలాంటి తాళం? చేసినవాడికైనా తెరవడం రానిది కూడా ఒక తాళమేనా?"

"నేను రెండు ఇచ్చింది ఒకటి పోయినా ఒకటి ఉంటుందని! ఒకే రోజు రెండింటినీ పొడి చేసే మనిషి ఉంటాడని నేనెలా అనుకుంటాను?" బావమరిదీ లేచాడు. "నాకు ఒక్క మాట చెప్పి చేస్తే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వొక్క మాట చెప్పావా, ఇది తాళం కాదని?"

ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు. వీధిలో ఎవడో సైకిల్ తాళంచెవి పోయిందని వచ్చి, లోపలి ముఖాలు చూసి, తర్వాత వస్తానని వెళ్ళిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో ఆ తర్వాత చూడాలి. గ్రైండర్ కింది పొడంతా కాగితం మీద పోసి, ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని జల్లించారు. గోరు ముక్కంత నల్లటి పెంకు దొరికింది. పోయిన ఫైళ్ళు వెతికిచ్చే దుకాణానికి పట్టుకెళ్ళారు. అక్కడి మనిషి దాన్ని పట్టకారుతో ఎత్తి చూసి, ఇది ఏ యంత్రంలో పడిందని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. ఊడ్చేసిన ఫోనుని కూడా చూశాడు. ఊడ్చినవాడెవరో గాని పని వచ్చినవాడు, ఒక్క రవ్వ మిగల్చలేదని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకి బావమరిది ఏడుపుముఖం పెట్టాడు.

తిరిగొస్తూ దారిలో అతనే అన్నాడు. "అక్కకి నేను చెప్తాను. కంప్యూటర్ పాడైపోయిందని చెప్తాను. వస్తువు పాడైతే ఎవరి తప్పూ ఉండదు. నువ్వేం మాట్లాడకు."

మేస్త్రీ అతని వైపు ఒక చూపు చూశాడు. తన నోట్లోంచి వచ్చిన మాట అర్థమై బావమరిది నాలిక్కరుచుకున్నాడు.

కొట్టు వెనకే ఇల్లు. వాళ్ళు వచ్చేసరికి ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చేతికర్ర మూలన పెట్టి, ముందుగదిలో కూర్చుని ఉంది. ఇద్దరి అడుగుల చప్పుడూ గుర్తుపట్టి నవ్వింది. ఆ నవ్వు చూడగానే మేస్త్రీకి వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

"వచ్చారా? వినిపించండి! టెలిఫోన్ గదిలో అందరికీ చెప్పేశాను, రేపు ఫోన్ చేసేది మా ఆయనే, ఆ రైలు ఆవిడ కాదని. ముందు నా పేరు పెట్టి పిలవమనండి. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ నా పేరు పిలుస్తుంటే ఎవరో చిరునామా అడుగుతున్నట్టుంది."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "అదీ... అక్కా, కంప్యూటర్‌కి చిన్న దెబ్బ తగిలింది. ఫైళ్ళు పాడయ్యాయి. ఎవరూ ఏం చేయలేరు, యంత్రం కదా, దానికి..."

"ఒరేయ్, నీ గొంతు పైకి పోతోందేంట్రా?"

"ఎక్కడ పోతోంది?"

"చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి నేరం పిల్లి మీద పెట్టినప్పుడూ ఇలాగే పోయేది." ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. రోజంతా గొంతులు వినడమే ఆవిడ ఉద్యోగం. ఎవరు ఏడుపు ఆపుకుంటూ వార్డు నంబరు అడుగుతున్నారో, ఎవరు డాక్టరు పేరు చెప్పి బొంకుతున్నారో మొదటి మాటకే పట్టేస్తుంది. "నువ్వు ఆగు. ఏమండీ, మీరు చెప్పండి. ఏమైంది?"

మేస్త్రీ ఫోను తీశాడు. "కంప్యూటర్ పాడైంది, ఎవరి తప్పూ లేదు" అని టైపు చేశాడు. వినిపించే మీట నొక్కడమే తరువాయి.

అప్పుడు తట్టింది ఆయనకి. బావమరిది గొంతు దొరికిపోయింది గాని, ఈ ఫోను గొంతు దొరకదు. నిజానికీ అబద్ధానికీ దానిది ఒకటే చల్లటి పలుకు. వణకదు, పైకి పోదు, తడబడదు. ఎంత చెవిపెట్టి విన్నా ఆవిడకి అందులో ఏమీ అందదు. కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడ దగ్గర ఆయన అబద్ధం ఒక్కటీ గంట నిలవలేదు. ఈ అబద్ధం నిలుస్తుంది. దీని తర్వాతిదీ నిలుస్తుంది. ఇక ఎప్పటికీ ఆవిడ తనని పట్టుకోలేదు. ఆ ఆలోచనకి, ఆపరేషన్ బల్ల మీద కూడా వెయ్యని భయం వేసింది ఆయనకి.

టైపు చేసింది చెరిపేశాడు. మళ్ళీ టైపు చేశాడు.

"తాళంచెవి నేనే అరగదీశాను. కొత్తది ఎవరూ చేయలేరు. నా గొంతు ఇక రాదు. తప్పు నాదే," అంది ఫోను, తర్వాతి స్టేషను పేరు చెప్పినంత తీరిగ్గా.

బావమరిది మెల్లగా కొట్టులోకి జారుకున్నాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడు తప్పు నాదే అనలేదు మీరు," అందావిడ చివరికి. "గుమ్మానికి మీ తల తగిలినా గుమ్మాన్నే తిట్టేవారు. ఇన్నాళ్ళకి అన్నారు. అదీ ఈవిడ నోటితో."

అని ఏడ్చింది. జాలి ఏడుపు కాదు, ఒళ్ళుమండిన ఏడుపు. ఎవరు తాళం వేసి దాచమన్నారంది. మీ గొంతు మీకు అక్కర్లేదనుకుంటే సరిపోయిందా, నాకు కావాలో వద్దో అడగక్కర్లేదా అంది. ఆయన చేయి పట్టుకోబోతే విదిలించి కొట్టింది. ఆయనకి చెప్పుకోడానికి చాలా ఉంది. ఏదీ చెప్పలేక, టైపు చేయడానికి చేతులు రాక, ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుండిపోయాడు. మెడలోంచి గాలి మాత్రం గబగబా వచ్చిపోతోంది. ఆవిడ ఏడుపు ఆపి ఆ గాలి చప్పుడు కాసేపు విన్నది.

తర్వాత చేయి చాపి, ఆయన చేతిలోని ఫోను తీసుకుని, ఆపేసి పక్కన పెట్టింది. తడుముకుంటూ ఆయన ముఖం అందుకుని, నాలుగు వేళ్ళూ పెదవుల మీద ఆనించింది.

"ఇప్పుడు ఆ మాట మీరు అనండి."

మేస్త్రీ పెదవులు కదిలించాడు.

ఆవిడ కనుబొమలు ముడిచి, తల పక్కకి వంచి, వేళ్ళు ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"అర్థం కాలేదు," అంది విసుగ్గా. "తొందరపడకండి. మళ్ళీ చెప్పండి."

ఆయన మళ్ళీ చెప్పాడు.